1857 నాటి 20 డాలర్ల బంగారు నాణెం, ఈ రేటుకి కొనొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే, నాణేల విషయంలో నేను కొత్త. ఒక డీలర్ దగ్గర 1857 నాటి 20 డాలర్ల లిబర్టీ నాణెం చూశాను, వెనకవైపు గద్ద కింద చిన్న ‘ఎస్’ ఉంది. గ్రేడింగ్ (నాణెం అసలుదేనా, ఎంత బాగుందో నిపుణులతో తేల్పించడం) చేయించలేదట, కానీ తళతళా మెరుస్తోంది. అమెరికా అంతర్యుద్ధం కంటే ముందుది, దొరకడమే గగనం అంటూ బంగారం విలువకి రెట్టింపు చెబుతున్నాడు. కొనెయ్యనా?

జవాబు 1:
తొందరపడకండి. పాతదైనంత మాత్రాన అరుదైపోదు. ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో మింట్, అంటే నాణేలు అచ్చేసే టంకశాల. 1857 సెప్టెంబరులో ఎస్ఎస్ సెంట్రల్ అమెరికా అనే ఓడ కాలిఫోర్నియా బంగారంతో సహా అట్లాంటిక్‌లో మునిగింది, 1980ల చివర్లో దాన్ని వెలికితీస్తే సరిగ్గా ఈ 1857 ఎస్ నాణేలే వేలల్లో, అప్పుడే అచ్చేసినట్టు బయటపడ్డాయి. వాటికీ మంచి ధరే ఉంది, కాదనను, కానీ అవి ఓడ పేరున్న లేబుల్‌తో సీలు చేసిన డబ్బాల్లోనే ఎక్కువగా అమ్ముడవుతాయి. విడిగా ఉన్న నాణెం ఇంత మెరుస్తోందంటే నాకైతే డౌటే.

జవాబు 2:
అవును, పాలిష్ పెట్టి ఉండొచ్చు. లైటు కింద కాస్త వాల్చి మెల్లగా తిప్పి చూడండి. అచ్చులో వచ్చిన మెరుపైతే వెలుగు నాణెం చుట్టూ తిరుగుతుంది, తుడిచిందైతే సన్నటి గీతలు కనిపిస్తాయి, మెరుపంతా ఒకే రకంగా ఉంటుంది. అలాంటిదాన్ని పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ కంపెనీలకి పంపితే 70 స్కేలు మీద నంబరు ఇవ్వకుండా ‘క్లీన్డ్’ అని రాసేస్తారు, ఇక ధర ఢమాల్. బరువు కూడా చూడండి, 33.44 గ్రాములకి దగ్గరగా ఉండాలి, అందులో పదో వంతు వేరే లోహం, మిగతాదే బంగారం.

జవాబు 3:
నిజంగా అరుదైనవి కావాలంటే ఏడాదితో పాటు మింట్ అక్షరం చూడాలి. న్యూ ఆర్లీన్స్‌లో 1856లో 20 డాలర్లవి 2,250 మాత్రమే అచ్చేశారు, కార్సన్ సిటీలో 1870లో 3,789. పైగా 1933లో ప్రభుత్వం బంగారు నాణేలు వెనక్కి తీసుకుని బోలెడన్ని కరిగించేసింది (అరుదైనవాటికి మినహాయింపు ఉందనుకోండి). అందుకే మామూలు నాణెం మీద కార్సన్ సిటీ గుర్తు ‘సీసీ’ అతికించి అమ్మే ఘనులూ ఉన్నారు, ఆ అక్షరాల చుట్టూ భూతద్దం పెట్టి చూడాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. గ్రేడింగ్‌కి పంపించి ఇమ్మని అడిగితే బాగుంటుందా?

జవాబు 2:
అడగండి, తప్పేముంది. ఆ ఖర్చు ఎవరిదో, ‘క్లీన్డ్’ అని వస్తే ఏ ధరకి ఇస్తాడో ముందే రాయించుకోండి. అంతవరకు అడ్వాన్స్ మాత్రం ఇవ్వొద్దు.