ఉదయగిరి కోట గోడల్లో ఏది ఏ కాలానిది?

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం 1514లో గజపతుల నుంచి శ్రీకృష్ణదేవరాయల వశమైంది, తర్వాత గోల్కొండ ఏలుబడిలోకి వెళ్లింది. కోటల్లో పాత రాయినే మళ్లీ వాడటం మామూలే కాబట్టి, గోడలో శాసనమున్నంత మాత్రాన గోడ ఆనాటిదని చెప్పలేం. అసలు చిక్కు ఇదే.

శాసనాన్ని ఫొటో తీసేటప్పుడు టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి వేస్తే అరిగిన అక్షరం నీడలో తేలుతుంది. సుద్ద, పెయింటు మాత్రం పూయకండి, తప్పుగా దిద్దిన గీతే నిలిచిపోతుంది. శక సంవత్సరానికి 78 కలిపి సంవత్సరం పేరుతో సరిచూడాలి: శక 1436 అంటే క్రీ.శ. 1514, భావ నామ సంవత్సరం. పేరు కలవకపోతే ముందు ఒక్క ఏడాది తేడా ఉందేమో చూడాలి.

మరి శాసనమే లేనిచోట? సున్నం లేని రాతికట్టు, సున్నంతో కట్టినది కలిసే అతుకు దగ్గర ఏది ముందో ఎలా గుర్తుపట్టాలి? సున్నం తర్వాతి మరమ్మతులో కూరిందైతే ఎలా తెలుస్తుంది? కోటగోడలు పరిశీలించిన వాళ్లు దయచేసి చెప్పండి.