లెక్కలో 48 నిమిషాలు, టికెట్ మీద గంటంపావు: ఏది నిజం?

గాలివాటం:
రెండు చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఆన్‌లైన్‌లో చూశాను. 400 కిలోమీటర్లు, విమానంలో 48 నిమిషాలు అంది. టికెట్ మీద గంటా పదిహేను నిమిషాలు ఉంది. ఆలస్యమైనా టైముకే వచ్చామని చెప్పుకోవడానికి ఎయిర్‌లైన్స్ కలిపేసిన నిమిషాలేగా ఇవి?

లెక్కలపిచ్చి:
అన్నీ అవి కావండి. ఏటీఆర్ 72 లాంటి టర్బోప్రాప్ (ప్రొపెల్లర్ విమానం) గంటకు సుమారు 500 కిలోమీటర్లు వెళ్తుంది. 400ని 500తో భాగిస్తే మీ 48 వచ్చేస్తుంది. అంటే విమానం రన్‌వే మీంచే 500 వేగంతో లేచి, అదే వేగంతో నేలకు తగిలినట్టు! టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్. ఇక్కడ కదిలిన క్షణం నుంచి అక్కడ పార్కింగ్‌లో ఆగేదాకా. ట్యాక్సీయింగ్ (నేల మీద చక్రాలపై నడవడం), పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనే. పైగా మామూలుగా గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి, ఒక్కోసారి ఎయిర్‌పోర్టు దాటి చుట్టు తిరిగి రావాలి. ఆ 400లో ఈ చుట్టు లేదు. అది భూగోళం మీద రెండు చుక్కల మధ్య అతి దగ్గరి దారి, అంతే.

గాలివాటం:
మరి జెట్ పెడితే సరిపోతుందిగా? 830 వేగమంటే 29 నిమిషాలే.

లెక్కలపిచ్చి:
పూర్తి ఎత్తుకు చేరిన కాసేపటికే దిగడం మొదలుపెట్టాలి. చాలా దేశాల్లో 10,000 అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు, దాటకూడదు కూడా. కాగితం మీద మిగిలే ఆ 19 నిమిషాల్లో సగం చేతికొస్తే గొప్పే. దగ్గరి రూట్లలో దూరం కంటే ఈ ముందూ వెనకా పనులే ఎక్కువ టైం తింటాయి.

ఎదురుగాలి:
అయినా కలుపుడు లేదంటే నేనొప్పుకోను. సాధారణంగా 15 నిమిషాలు లేటైనా ‘సమయానికి వచ్చినట్టే’ లెక్క వేస్తారు. అంత సడలింపు ఉన్నాక ఇంకా ఎందుకు కలపాలి? స్కాట్లాండ్‌లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రే దీవికి 2.7 కిలోమీటర్లు. 53 సెకన్లలో దాటిన రికార్డుంది, టైమ్‌టేబుల్‌లో మాత్రం 2 నిమిషాలు. అక్కడా కలిపారు మహానుభావులు!

లెక్కలపిచ్చి:
రికార్డు వచ్చింది గాలి బాగా కలిసొచ్చిన రోజున. రోజూ అలా వీస్తుందా? మన 400 కిలోమీటర్లకే గంటకు 100 కిలోమీటర్ల గాలి పెట్టి చూడండి. పోయేటప్పుడు వెనక నుంచి తోస్తే 40 నిమిషాలు, వచ్చేటప్పుడు ఎదురైతే 60. రానూపోనూ 100. గాలి లేకపోతే 96. అంటే పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పూర్తిగా పోయి, ఇంకో నాలుగు అదనంగా పడుతుంది. అదే విమానం రోజంతా ఊరూరా తిరుగుతుంది కదా, పొద్దున పడిన ఆలస్యం సాయంత్రానికి పేరుకుపోకుండా కొంత వదలాలి.

ఎదురుగాలి:
కొంత సరే. ఎంతన్నదే నా గొడవ. ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో అదే ఫ్లైట్ కొన్ని వారాలపాటు గేటు నుంచి గేటుకు నిజంగా ఎంత తీసుకుందో చూడండి. రోజూ పావుగంట ముందే వస్తుంటే దానికి గాలి పేరు చెప్పకండి.