సీతాఫలం గుజ్జు యూనిట్‌కు ఊరి ఫండ్ ఇప్పుడే ఇయ్యాల్నా?

గట్టుకాడి పోరడు: మనది పాలమూరు జిల్లా బాలానగర్ దిక్కు ఊరు, సీతాఫలం గురించి మనకు ఒకరు చెప్పే పని లేదు. దసరా దీపావళి నడుమ ఆడోళ్లు గట్లెక్కి కాయ తెంపుకొస్తరు, రెండు మూడు దినాల్ల మెత్తబడుతదని దళారి ఎంతంటే గంతకే గంపలు ఇచ్చేస్తరు. గందుకే మన మహిళా సంఘపోళ్లు గుజ్జు తీసి ఐస్‌క్రీమోళ్లకు అమ్ముతమంటున్నరు. హైదరాబాద్‌ల ఉన్నోళ్లం జమ చేసిన ఆరు లక్షలు ఉన్నయి కదా, షెడ్డు, కోల్డ్ రూం కట్టనీకి ఇద్దామని నా మాట.

లెక్క పక్కా: కరంటు పోతే ఏంది? సీతాఫలం మామిడి లెక్క కాదు, గుజ్జు కాస్తే చేదొస్తది, ఉత్తగ పెడితే నల్లబడుతది. మైనస్ 18 డిగ్రీల గడ్డకట్టించి ఉంచాల్సిందే. జనరేటర్ యాడుంది నీ ప్లాన్ల?

పాలమూరు చిన్నోడు: నాది ఇంకో ఐదు వేలు రాసుకో అన్నా.

గట్టుకాడి పోరడు: జనరేటర్ తర్వాత కొనొచ్చే. చిన్న ఫుడ్ యూనిట్లకని కేంద్రం 2020ల పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ స్కీముల 35 శాతం సబ్సిడీ ఉంది, సంఘంల ఒక్కో సభ్యురాలికి 40 వేల దాకా సీడ్ క్యాపిటల్ కూడ ఉంది.

లెక్క పక్కా: సబ్సిడీ చేతికియ్యరు తమ్మీ. ముందు బ్యాంకు లోన్ కావాలె, 10 శాతం మనం పెట్టాలె, మూడేండ్లు యూనిట్ నడిస్తేనే ఆ సబ్సిడీ లోన్ కింద జమైతది. మల్ల అడుగుతున్న, జనరేటర్?

గట్టుకాడి పోరడు: జనరేటర్ జనరేటర్ అని ఒకటే పట్టుకున్నవ్. ఊరికి మంచి జరుగుడు నీకు ఇష్టం లేదని చెప్పరాదు?

లెక్క పక్కా: మాట జర చూసి అను. మా నాయిన బర్రెను అమ్మి పాల సెంటర్ల వాటా కట్టిండు. బిల్డింగ్ కట్టిన్రు, రిబ్బన్ కోసిన్రు, రెండో ఎండకాలానికి తాళం పడ్డది. పానం పోయేదాక ఆ రశీదు పెట్టెల దాచుకున్నడు మా నాయిన. గందుకే అడుగుతున్న.

సంఘం బిడ్డ: నేను ఇయ్యన్నీ మా అమ్మకు చదివి వినిపించిన. అన్నా, వాళ్లు షెడ్డు అడగనే లేదు. అడిగింది కాంటా, క్రేట్లు, రెండు డీప్ ఫ్రీజర్లు, కాయ తెచ్చినోళ్లకు ఆ రోజే ఇయ్యనీకి ఒక నెలకు సరిపడ రొక్కం. తొక్క మీద కండ్లు విచ్చని కాయ పండదు, గట్టిగ ఉండి నల్లగైతది. ఆ రోజే పైసలు, మంచి ధర ఇస్తమంటేనే తెంపేటోళ్లు ఆగి పక్వానికొచ్చిన కాయ తెస్తరు, లేకపోతే పక్కోళ్లు తెంపుతరని పచ్చిదే తెస్తరు. పోయినేడు కొంచెం గుజ్జు తీసి అమ్మిన్రు, కొన్నాయన మల్ల ఫోన్ చేసిండు. కోల్డ్ రూం ముచ్చట హైదరాబాద్ మీటింగుల పుట్టింది.

గట్టుకాడి పోరడు: షెడ్డు అంటే పైసలిచ్చినోళ్ల పేర్లు గోడ మీద రాస్తమని చెప్పిన, గందుకే ఇచ్చిన్రు అక్కా. క్రేట్లకంటే ఎవరిస్తరు? ఇంటింటికి తిరిగింది నేను.

లెక్క పక్కా: క్రేట్లకు నేనిస్త. కాని రొక్కం మటుకు అప్పు కిందనే, దీపావళి అయినంక ఫండ్‌కు మల్ల రావాలె.

సంఘం బిడ్డ: అప్పుకు వాళ్లు భయపడరు, నెల నెల బ్యాంకుకు కడ్తనే ఉన్నరు. ఏం కావాల్నో అడగకుండ మీరే ఖాయం చేసుడే వాళ్లకు బాధ.

గట్టుకాడి పోరడు: ఆదివారం ఊరికొస్తున్న. పోయినేడు తూకం రాసిన బుక్కు తీసి పెట్టుమను. షెడ్డు ముచ్చట మాత్రం నేను ఇడిసిపెట్టలే.