అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్ (ఐఎస్ఎస్)ను ఇన్నాళ్లు నిలబెట్టింది స్నేహమా, అవసరమా? రేపటి మన స్టేషన్ సంగతేంటి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. 2022 మార్చి 30న కజఖ్‌స్థాన్ మైదానంలో రష్యా సోయజ్ నౌక ఒకటి దిగింది. అందులోంచి ఇద్దరు రష్యన్లు, ఒక అమెరికన్ బయటికొచ్చారు. అప్పటికి ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలై నెల దాటింది. ఆ అమెరికన్ మార్క్ వాండె హై, 355 రోజులు ఐఎస్ఎస్‌లో ఉండి వస్తున్నాడు. ఆయన్ని అక్కడే వదిలేసి వచ్చేస్తారన్నట్టు రష్యా ప్రభుత్వ వార్తాసంస్థ ఒకటి వీడియో కూడా తిప్పింది. అలాంటి రోజుల్లో రష్యన్ కమాండర్ ష్కాప్లెరోవ్ స్టేషన్ బాధ్యతను మరో అమెరికన్ చేతికి అప్పగించి, కక్ష్యలో మేమంతా ఒకే జట్టు అనే మాట చెప్పి వచ్చాడు.

అందుకే నా వాదన ఇది. కింద ప్రభుత్వాలు ఎంత కొట్టుకున్నా అంతరిక్షంలో కలిసి చేసే ఈ ఒక్క పని ఆగకూడదు. 2035 నాటికి మనం కట్టాలనుకుంటున్న భారతీయ అంతరిక్ష స్టేషన్‌లోనూ మొదటి నుంచే ఇతర దేశాల భాగాలుండాలి. మీరేమంటారు?

సూళ్లూరుపేట కుర్రాడు:
అన్నా, శ్రీహరికోటలో పెద్ద రాకెట్ లేస్తే మా ఇంటి కిటికీ తలుపులు అదురుతాయి. ఆ చప్పుడు వింటూ పెరిగినవాణ్ని కాబట్టి అడుగుతున్నా, 1993ని ఎలా మర్చిపోయారు?

1991లో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది. అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజన్లతో పాటు వాటి తయారీ పరిజ్ఞానం కూడా ఇవ్వాలి. దాంతో క్షిపణులు చేసుకుంటారంటూ 1992 మేలో అమెరికా రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. అంత చల్లటి ఇంధనం నింపి క్షిపణిని రోజుల తరబడి సిద్ధంగా ఉంచడం కుదరని పని, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. 1993 జులైలో రష్యా వెనక్కి తగ్గింది. ఇంజన్లు మాత్రం ఇస్తాం, పరిజ్ఞానం ఇవ్వం అంది. చివరికి మనకు అందినవి ఏడు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్, రష్యా ప్రధాని చెర్నోమిర్దిన్ కూర్చుని అంతరిక్ష స్టేషన్ కలిసి కడతామని ప్రకటించారు. అమెరికా షటిల్ నౌకను రష్యా మీర్ స్టేషన్‌కు పంపే కార్యక్రమం కింద రష్యాకు 40 కోట్ల డాలర్లు దక్కాయి.

మీరు మెచ్చుకుంటున్న ఐఎస్ఎస్ పుట్టింది ఆ బేరాల మధ్యే. వాళ్లిద్దరూ చేతులు కలిపిన ఏడాదే మన చెయ్యి వదిలేశారు. మన సొంత క్రయోజెనిక్ ఇంజనుతో జీఎస్ఎల్‌వీ రాకెట్ తొలిసారి విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. అంటే ఇరవై ఏళ్లు. మళ్లీ ఒకరి భాగాల మీద స్టేషన్ కట్టుకోమంటారా?

పాలమూరు పిల్ల:
ఇద్దరికీ ఒక మాట చెప్తా. మా పాలమూరు మూలాలున్న నాసా వ్యోమగామి రాజాచారి గారు ఆ యుద్ధం టైంల పైననే ఉన్నరు. 2021 నవంబర్‌ల అమెరికా వాళ్ల డ్రాగన్ నౌకకు కమాండర్‌గా పోయిన్రు. పోయిన నాలుగు దినాలకే, నవంబర్ 15న, రష్యా తన పాత ఉపగ్రహాన్ని తనే క్షిపణితోని పేల్చింది. లెక్కకు దొరికే పెద్ద ముక్కలే 1,500 పైన. స్టేషన్‌ల ఉన్న ఏడుగురు తమ తమ నౌకలల్ల దూరి తలుపులు బిగించుకున్నరు. అండ్ల ఇద్దరు రష్యా వాళ్లే ఉండె.

కృష్ణాతీరం అన్నా, పైన ఉన్న ఏడుగురి నడుమ ప్రేమ నిజమే. కానీ కింద మీట నొక్కెటోడు ఆ ఏడుగురిని అడిగిండా? సొంత మనుషులు పైన ఉన్నరని గూడ ఆగలే.

చుక్కల లెక్క:
స్నేహమా అవసరమా అని రెండుగా చీలిస్తే ఈ చర్చ తెమలదు. ఆ స్టేషన్ అసలు ఎలా నడుస్తుందో చూడండి.

కరెంటులో ఎక్కువ భాగం అమెరికా వైపు సౌరఫలకాల నుంచి వస్తుంది. స్టేషన్ ఏ దిక్కుకు తిరిగి ఉండాలో చూసుకునే నాలుగు పెద్ద గైరోస్కోపులూ అటువైపే ఉన్నాయి. అయితే 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా పల్చటి గాలి ఉంటుంది. దాని రాపిడికి స్టేషన్ రోజూ కొంచెం కొంచెం కిందికి జారుతుంది. మళ్లీ పైకి నెట్టే పని మొదటి నుంచీ ప్రధానంగా రష్యా ఇంజన్లది, ప్రోగ్రెస్ సరుకు నౌకలది. ఒకే దూలం మీద నిలిచిన రెండు వాటాల ఇల్లు అది. ఒక వాటావాళ్లు గొడవపడి దూలం కోసుకుపోతే ఇద్దరి కప్పూ కూలుతుంది.

ఇప్పుడు 2014కి రండి. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకున్న గొడవ మీద ఆ ఏప్రిల్‌లో నాసా రష్యాతో సంబంధాలన్నీ ఆపేసి ఐఎస్ఎస్ పనిని మాత్రం మినహాయించింది. అదే నెలలో రష్యా ఉప ప్రధాని రొగోజిన్, అమెరికా తన వ్యోమగాముల్ని ట్రాంపొలిన్ మీద ఎగరేసి పంపుకోవచ్చు అన్నాడు. అనగలిగాడు, ఎందుకంటే 2011 జులైలో షటిల్ ఆగిపోయాక అమెరికన్లకు సోయజ్ తప్ప దారి లేదు. సీటు ధర పెరుగుతూ పెరుగుతూ చివరికి 9 కోట్ల డాలర్లు దాటింది. 2020 మేలో డ్రాగన్ మనుషుల్ని తీసుకెళ్లడంతో పరిస్థితి మారింది. 2022 జులైలో, యుద్ధం భీకరంగా నడుస్తుండగా, రెండు దేశాల అంతరిక్ష సంస్థలూ పైసా మారకుండా సీట్లు మార్చుకునే ఒప్పందం చేసుకున్నాయి. సెప్టెంబరులో అమెరికన్ ఫ్రాంక్ రూబియో సోయజ్‌లో వెళ్లాడు, అక్టోబరులో రష్యన్ అన్నా కికినా డ్రాగన్‌లో వెళ్లింది. ఏదో ఒక దేశపు నౌక మూలపడినా, రెండు వాటాల్నీ నడపగల మనిషి ఒక్కరైనా పైన ఉండాలన్నదే ఆ ఒప్పందంలో అసలు కిటుకు.

దాని విలువ డిసెంబరు 14నే తెలిసింది. రూబియో వెళ్లిన సోయజ్‌లో శీతలీకరణ ద్రవం కారిపోయింది. అత్యవసరమైతే దిగడానికి అతని సీటు అమరికను విప్పి డ్రాగన్‌లో బిగించారు. 2023 ఫిబ్రవరిలో రష్యా ఇంకో సోయజ్‌ను ఖాళీగా పంపింది. ఆరు నెలలకని వెళ్లినవాడు 371 రోజులుండి దిగాడు. ఈ పనులన్నీ యుద్ధం మధ్యలోనే జరిగాయి.

ఇక చైనా. 2011 నుంచి అమెరికా చట్టం నాసా డబ్బుతో చైనాతో నేరుగా కలిసి పనిచేయడాన్ని దాదాపు మూసేసింది. చైనా ఆగలేదు. 2021 ఏప్రిల్‌లో తన స్టేషన్ తొలి భాగాన్ని ఎక్కించింది. 2025 ఫిబ్రవరిలో పాకిస్థాన్ వ్యోమగామిని తీసుకెళ్లే ఒప్పందమూ చేసుకుంది. అమెరికా, చైనాల మధ్య తెంచడానికి భయపడాల్సిన ముడి ఒక్కటీ లేదు. నాకు నిజంగా దిగులు పుట్టించేది అదే. ఐఎస్ఎస్‌ను 2030 తర్వాత సముద్రంలో దించేస్తారు. ఆ తర్వాత అందరి స్టేషన్లూ విడివిడిగా ఉంటే, 2022 లాంటి రోజులు మళ్లీ వస్తే ఎవరిని ఏది ఆపుతుంది?

కృష్ణాతీరం:
చుక్కల లెక్క గారూ, వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. కుర్రాడి 1993 దెబ్బ నేను తక్కువ చేయను. కానీ మన వ్యోమగాములు నలుగురు 2020–21లో రష్యాలో శిక్షణ పొందారు. వారిలో ఒకరైన శుభాంశు శుక్లా 2025 జూన్‌లో అమెరికా నౌకలో వెళ్లొచ్చారు. రెండు వైపులా తలుపులు తెరిచే ఉన్నాయిగా?

సూళ్లూరుపేట కుర్రాడు:
డబ్బు కడితే తెరిచిన తలుపులు అన్నా అవి. కట్టింది మంచిదే, మనవాళ్లు నేర్చుకున్నారు. దాన్ని భాగస్వామ్యం అనొద్దు.

నిజమైన ఇచ్చిపుచ్చుకోవడం ఎలా ఉంటుందో చెప్తా. 2022 మార్చిలో బ్రిటన్ కంపెనీ వన్‌వెబ్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 36, కజఖ్‌స్థాన్‌లోని బైకొనూర్ ప్రయోగకేంద్రంలో రష్యా రాకెట్ మీద ఇరుక్కుపోయాయి. అదే కంపెనీ మన దగ్గరికొచ్చింది. అక్టోబరులో 36, తర్వాతి మార్చిలో 36 మా కోట నుంచే ఎల్‌వీఎం3 ఎత్తింది. ఆ రాకెట్ పైదశ మన సొంత క్రయోజెనిక్. 1993లో రష్యా ‘ఇవ్వం’ అన్న దాన్ని మనం చేసుకోకపోయి ఉంటే వాళ్లు మన గుమ్మం తొక్కేవాళ్లా? మన మనుషుల్ని తీసుకెళ్లే గగన్‌యాన్ ఎక్కేదీ ఆ రాకెట్టే.

చుక్కల లెక్క:
ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఐఎస్ఎస్ ముడి నిలిచింది రెండు చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది కాబట్టి. అందుకే నా సూచన: పైకి నెట్టే ఇంజన్లు, గాలి, నీరు, మనుషులు తిరిగొచ్చే నౌక మనవే కావాలి. ప్రయోగశాలలు, రోబో చేతులు పంచుకోవచ్చు. నౌకలు వచ్చి అతుక్కునే డాకింగ్ తలుపు మాత్రం అందరూ వాడే కొలతకే చేయాలి. 1975లో అమెరికా అపోలో, సోవియట్ సోయజ్ కలవడానికి ముందు ఒక నౌకకు పొడుచుకొచ్చే భాగం, రెండో దానికి గుంట ఉండేవి. ఆ ప్రయాణం కోసం రెండు వైపులా ఒకేలా ఉండే యంత్రం చేశారు. మొదటిసారి అపోలో పట్టుకుంది, రెండోసారి సోయజ్ పట్టుకుంది. 2025 జనవరిలో ఇస్రో స్పేడెక్స్ ప్రయోగంలో మనం కలిపినవీ ఆ తరహావే.

పాలమూరు పిల్ల:
మరి చైనా నౌక పాడైపోయి ఆ తలుపు కాడికొస్తే తెరుస్తమా? గల్వాన్‌ల చైనాతోని కొట్లాటల పానమిచ్చిన మన సంతోష్ బాబు సారు సూర్యాపేట మనిషి. అడుగుడు తేలికే, జవాబు చెప్పుడే కష్టం.

కృష్ణాతీరం:
తెరవాలమ్మా. 1967 అంతరిక్ష ఒప్పందం ఐదో అధికరణం ప్రకారం పైనున్న ఒక దేశపు వ్యోమగాములు ఇంకో దేశం వాళ్లకు చేతనైన సాయమంతా చేయాలి. మనమూ, చైనా కూడా అందులో ఉన్నాం. మాట ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, తలుపుల కొలత కలవకపోతే సాయం చేయాలన్నా చేతకాదు. ఇతర దేశాల భాగాలుండాలన్న నా మొదటి మాటను సవరించుకుంటున్నాను: తలుపు కొలత ముందు తేల్చాలి, భాగాల సంగతి తర్వాత.

సూళ్లూరుపేట కుర్రాడు:
ప్రాణాపాయమంటే నేనూ అడ్డు చెప్పను. ఇంజన్ల విషయంలో మాత్రం నా మాట మారదు.