గంటకు నాలుగు డాలర్లు: పెద్దల సేవకు సర్కారు గ్రాంటు తీసుకోవాలా, వద్దా?

గోదారిగట్టు
అమెరికాలోని తెలుగు సంఘాల్లో ఈ మధ్య తరచూ వస్తున్న ప్రశ్న ఇది. సీనియర్ల విభాగంలో అరవై దాటినవాళ్ళు పది పదిహేను మంది ఉంటారు. ఒంటరి పెద్దలను వారానికోసారి పలకరించడం, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళడం, బళ్ళో చిన్నపిల్లల చేత చదివించడం వాళ్ళకు చేతనైన పనే. ఫెడరల్ ప్రభుత్వం అమెరికోర్ సీనియర్స్ పేరుతో ఇలాంటివాటికే గ్రాంట్లు ఇస్తోంది. పథకాలు మూడు. ఫాస్టర్ గ్రాండ్‌పేరెంట్ 1965 నుంచి ఉంది, పిల్లల కోసం. సీనియర్ కంపానియన్ రోజువారీ పనులకు ఇబ్బంది పడే పెద్దల కోసం. మూడోది ఆర్‌ఎస్‌వీపీ, దీంట్లో ఏ సేవైనా చేయొచ్చు. అన్నిటికీ వయసు 55 నిండాలి. మొదటి రెండింట్లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు గంటకు 4 డాలర్ల స్టైపెండ్ (భత్యం) వస్తుంది, ఆర్‌ఎస్‌వీపీలో అది లేదు.

నా సందేహాలు రెండు. సేవకు గంటల లెక్కన డబ్బు కట్టడం సబబేనా? గ్రాంటుకు సంఘం తన పేరు మీదే పెట్టుకోవాలా?

కరీంనగర్ కాకా
గది సేవ గాదు, చౌక కూలి. ఫెడరల్ కనీస వేతనమే 7.25 డాలర్లు ఉంటే, పెద్దమనిషికి 4 ఇచ్చి పైకెళ్ళి "వాలంటీర్" అని బిళ్ళ తగిలిస్తరా? ఇంట్ల ముసలమ్మకు తోడు కూసునుడు, దుకాణానికి తీస్కపోవుడు, ఇవన్నీ హోమ్ కేర్ ఏజెన్సీలు జీతమిచ్చి చేయిస్తున్న పనులే. జీతగాళ్ళ పని వాలంటీర్లతో చేయించొద్దని రూల్ ఉన్నదంటరు. రూల్ కాగితం మీదుంటది. ఏజెన్సీ ఒక మనిషిని కొత్తగా పెట్టుకోకుండ ఊరుకుంటే, ఎవరిని తీసేసినట్టు? ఎవరినీ కాదు. పట్టేదెట్ల?

ఇస్తే పూర్తి జీతమియ్యిన్రి. లేకుంటే ఆర్‌ఎస్‌వీపీ లెక్క ఉత్తగనే చేపియ్యిన్రి. ఈ నడిమంత్రపు 4 డాలర్లు మాత్రం వద్దు.

మందారమొగ్గ
కాకా గారూ, 4 డాలర్లను ఉద్యోగంలో గంటకు వచ్చే 15 డాలర్ల పక్కన పెట్టి చూస్తే మీ మాటే నిజం. కానీ ఆ 15లో చేతికి ఎంత మిగులుతుందో చూడాలి. ఈ స్టైపెండ్ చట్టం దృష్టిలో వేతనం కాదు. పన్ను లేదు, ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న వృద్ధులకు, వికలాంగులకు ప్రభుత్వమిచ్చే నెలవారీ సాయం), ఫుడ్ స్టాంపులు, సబ్సిడీ ఇంటి అద్దె లెక్కల్లో ఆదాయంగా చూడరు.

ఎస్‌ఎస్‌ఐ మీద, సెక్షన్ 8 (సబ్సిడీ అద్దె) ఇంట్లో ఉన్న ఒక పెద్దావిడ వారానికి 20 గంటలు 15 డాలర్ల ఉద్యోగం చేసిందనుకోండి. నెలకు సుమారు 1,299. అందులో 85 పక్కన పెట్టి మిగిలినదాంట్లో సగం, అంటే 607 డాలర్లు, ఎస్‌ఎస్‌ఐ నుంచి కోస్తారు. మిగిలిన అదనం 692. పేరోల్ పన్ను 7.65 శాతం అంటే 99. పెరిగిన ఆదాయంలో 30 శాతం అద్దెకు, అంటే ఇంకో 208. చివరికి చేతికి వచ్చేది 385, గంటకు నాలుగున్నర కన్నా తక్కువ. ఫుడ్ స్టాంపుల కోత దీనికి అదనం. ఆ 4 డాలర్ల వెనకున్న తర్కం ఇదీ.

పైగా ఈ పథకాల్లో వారానికి 5 నుంచి 40 గంటల దాకా ఎన్నైనా చేయొచ్చు, ఒంట్లో బాగోకపోతే మానొచ్చు, ఉద్యోగంలో ఆ వెసులుబాటు ఉండదు. నా మటుకు అదే పెద్ద సంగతి.

కరీంనగర్ కాకా
లెక్క మంచిగనే చేసిన్రమ్మా. కానీ గిది మనోళ్ళకు అతకది. కొడుకు స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు మామూలుగా ఎస్‌ఎస్‌ఐ రాదు, సిటిజన్ అయ్యేదాకనో, 40 క్వార్టర్లు, అంటే పదేండ్ల పని లెక్క, నిండేదాకనో ఆగాలె. కోత పడే సొమ్మే లేనోళ్ళకు ఆ రక్షణ దేనికి? వాళ్ళకు 4 అంటే ఉత్త 4 డాలర్లే.

మందారమొగ్గ
ఒప్పుకుంటున్నాను, ఆ వాదన మనవాళ్ళలో కొద్దిమందికే వర్తిస్తుంది. ఇంకో సంగతి. స్టైపెండ్ అర్హతకు ఆదాయం పేదరికపు గీతకు రెట్టింపు లోపు ఉండాలి. 2025 లెక్కన, అలాస్కా, హవాయి తప్ప మిగతా చోట్ల ఒంటరి మనిషికి ఏడాదికి 31,300 డాలర్లు, ఇద్దరుంటే 42,300. చూసేది వాలంటీరు, ఆయన జీవిత భాగస్వామి ఆదాయాన్ని, కొడుకు జీతాన్ని కాదు. కూతురింట్లో ఉచితంగా ఉంటూ తింటున్నవాళ్ళ విషయంలో ఆ వసతి విలువను లెక్కలోకి తీసుకుంటారా అని పథకం నడిపే ప్రాజెక్ట్ డైరెక్టరును ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఆదాయం ఎక్కువైతే స్టైపెండ్ లేకుండా అదే పథకంలో చేయొచ్చు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర స్టైపెండ్ మాటే ఎత్తకండి.

పాతఖాతా
సేవకి డబ్బా కాదా అన్నది తర్వాత తేల్చుకుందురు గాని, గోదారిగట్టు గారి రెండో ప్రశ్నకు వస్తాను. సొంతంగా పెట్టుకోవద్దు.

ఈ పథకాల్లో స్పాన్సర్ వేరు, స్టేషన్ వేరు. గ్రాంటు అందుకుని లెక్క చెప్పేది స్పాన్సర్. ఆ స్పాన్సర్ దగ్గర చేరిన వాలంటీర్లు వచ్చి పనిచేసే చోటు స్టేషన్. చాలా కౌంటీల్లో స్పాన్సర్ ఇప్పటికే ఉంటుంది: కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీయో, వృద్ధుల సేవాసంస్థో. తెలుగు సంఘం వాళ్ళతో ఒప్పంద పత్రం రాసుకుని స్టేషన్‌గా చేరితే చాలు.

ఎందుకంటే, ఆర్‌ఎస్‌వీపీలో ఖర్చుకు స్పాన్సర్ సంస్థ వేసుకోవాల్సిన సొంత వాటా మొదటి ఏడు 10 శాతం, రెండో ఏడు 20, మూడో ఏడు 30. ఈ శాతం ఫెడరల్ సొమ్ము మీద కాదు, మొత్తం బడ్జెట్ మీద. అందరూ బోల్తా పడేది ఇక్కడే. గ్రాంటు 75,000 అయితే మొదటి ఏటి వాటా 7,500 కాదు, 8,333. రెండో ఏడు 18,750. మూడో ఏడు 32,143. అప్పటికి 22,500 అనుకుని కూర్చున్న ట్రెజరర్‌కి దాదాపు పదివేలు లోటు.

ఉగాది సంబరాల టికెట్ల మీద మిగిలిన నగదు వాటాగా పనికొస్తుంది. ఉచితంగా ఇచ్చిన గది కూడా పనికొస్తుంది గానీ, ఆ ఏరియాలో చదరపు అడుగు అద్దె ఎంతో ఆధారం, ఇచ్చినవాళ్ళ సంతకం, తేదీ ఉండాలి. వాలంటీర్లు చేసిన గంటలకే డాలర్లు కట్టి వాటాగా చూపిస్తామంటే చెల్లదు.

స్టైపెండ్ పథకాలది ఇంకో చిక్కు. ఫెడరల్ సొమ్ములో కనీసం 80 శాతం వాలంటీర్ల ఖర్చులకే పోవాలి. సగం రోజు పనిచేసే ఒక వాలంటీరు స్థానాన్ని ఏడాదికి 1,044 గంటలుగా లెక్కిస్తారు. పదిమందికి స్టైపెండే 41,760. ప్రయాణం, భోజనం, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో పదివేలు అనుకుందాం. ఇది 80 శాతం అయితే సిబ్బందికి, ఆఫీసుకి గ్రాంటు నుంచి మిగిలేది 12,940. దాంతో కోఆర్డినేటర్‌ను పెట్టి, టైంషీట్లు చూసి, రిపోర్టులు పంపాలి. చిన్న సంస్థకు ఇది గిట్టదు.

గోదారిగట్టు
వాటా సంగతి నాకు తెలియదు. మరి రిజిస్ట్రేషన్? అది తేలికే అంటున్నారు కదా?

పాతఖాతా
తేలికని ఎవరన్నారో గానీ! ఫెడరల్ గ్రాంట్లకు సంస్థలు నమోదు చేసుకునే వెబ్‌సైటు శామ్ డాట్ గవ్‌లో సంస్థ పేరు, చిరునామా మీ చట్టబద్ధమైన కాగితాల్లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. భౌతిక చిరునామా కింద పోస్ట్ బాక్స్ ఒప్పుకోరు. మన సంఘాల్లో చిరునామా అంటే అప్పటి ట్రెజరర్ ఇల్లు, రెండేళ్ళకోసారి కొత్త కార్యవర్గంతో మారిపోతుంది. పాత ఇంటి అడ్రస్ బ్యాంకులో, కొత్తది ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ)లో, ఇంకోటి రాష్ట్రం దగ్గర. అక్కడే వారాలు గడిచిపోతాయి, ఈలోగా దరఖాస్తు గడువు దాటుతుంది. పైగా ఆ రిజిస్ట్రేషన్‌ను ఏటా రెన్యూ చేయాలి, లాగిన్ ఉన్నాయన సంఘం వదిలి వెళ్ళిపోతే ఇక చూసుకోండి.

ఇంకొకటి. 2025 ఏప్రిల్‌లో అమెరికోర్ గ్రాంట్లు దాదాపు 40 కోట్ల డాలర్ల విలువైనవి ఒక్కసారిగా రద్దు చేశారు. తర్వాత కోర్టు కొన్ని రాష్ట్రాలకు పునరుద్ధరించమంది. అవార్డు లెటర్ (గ్రాంటు మంజూరు పత్రం) ఉందని మూడేళ్ళ లీజు మీద ఆఫీసు తీసుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నల్లకోటు
మన సంఘాలు దెబ్బ తినే చోటు ఇంకోటుంది: సేవా గంటల్లో ఏం చేయకూడదన్నది. పూజలు, మతబోధ, ఎన్నికల ప్రచారం, సాయం పొందినవాళ్ళ దగ్గర ఫీజు వసూలు, ఏవీ కుదరవు. గుడి హాల్లో స్టేషన్ పెట్టుకోవచ్చు. సత్యనారాయణ వ్రతానికి పీటలు వేసిన గంటలు మాత్రం టైంషీటులోకి ఎక్కకూడదు.

రాజకీయం సంగతి మనకు కొత్తేం కాదు. ఆంధ్రాలో గ్రామ వాలంటీర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది, సుమారు 50 ఇళ్ళకు ఒకరు ఉండేవారు. 2024 ఎన్నికల ముందు పింఛన్ల పంపిణీ నుంచి వాళ్ళను తప్పించమని ఎన్నికల సంఘమే ఆదేశించింది. "వాలంటీర్" అన్న పేరు, డబ్బు, ప్రభుత్వం, ఈ మూడూ ఒకచోట చేరితే ఎవరి మనిషి అన్న అనుమానం తప్పదు. అందుకే ఇక్కడ గీత అంత గట్టిగా గీశారు.

నేర చరిత్ర తనిఖీ మరో మెట్టు. స్టైపెండ్ తీసుకునే వాలంటీర్లకు, గ్రాంటు జీతం తీసుకునే సిబ్బందికి మూడూ ఉండాలి: లైంగిక నేరస్థుల జాతీయ జాబితా, రాష్ట్ర రికార్డు, వేలిముద్రలతో ఎఫ్‌బీఐ తనిఖీ. మూడూ పని మొదలుకాక ముందే పూర్తి కావాలి, "రిపోర్టు వస్తుందిలే, ఈలోగా మొదలెట్టండి" అంటే ఆ ఖర్చు వెనక్కి కట్టిస్తారు. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకోదాంట్లో వెనుక ఉంటుంది, పాస్‌పోర్టులో ఒకే పేరుంటే వీసాలో "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అన్ని పేర్లతోనూ వెతికించండి. ముసలివాళ్ళ వేళ్ళ గీతలు అరిగిపోయి ముద్ర పడకపోవడం రేషన్ షాపుల్లో చూస్తున్నదే. ఎఫ్‌బీఐ రెండుసార్లు తిరస్కరిస్తే పేరు మీద తనిఖీ అడగొచ్చు, ఆ తిరస్కరణ కాగితాలు పారేయకండి.

కరీంనగర్ కాకా
సరే, పెట్టుకుంటే పెట్టుకోన్రి. నా షరతు ఒక్కటే. ప్రతి వాలంటీరుకు ఏం జేయాల్నో రాసే కాగితంల ఏం జేయొద్దో గూడ రాయిన్రి: స్నానం చేపిచ్చుడు, ఇంజెక్షన్లు, ఇల్లు ఊడ్సుడు, ఆఫీసుల ఫైళ్ళు సర్దుడు. వైద్య సిబ్బంది పని, పాచిపని, గుమాస్తా పని కంపానియన్‌తో చేయించొద్దని నిబంధనల్లనే ఉన్నది. రాత లేకుంటే ఆరు నెలల్ల 4 డాలర్ల పనిమనిషి తయారైతది.

మందారమొగ్గ
కాకా గారి షరతు బాగుంది. కారు సంగతి కూడా అందులోనే రాయించండి. గ్రాంటు కింద ఇచ్చే వాహన బీమా వాలంటీరు సొంత బీమా పరిమితి దాటాకే పనిచేస్తుంది, సొంత బీమా లేకపోతే ఆయన్ని డ్రైవింగ్‌కి పెట్టకూడదు. మన పెద్దల్లో చాలామందికి ఇక్కడి లైసెన్సే ఉండదు. మైలేజీ పద్దు తగ్గించి, బస్ పాసులకు ఎక్కువ వేయమని స్పాన్సర్‌ను మొదట్లోనే అడగండి.