లింక్స్ రికార్డును ఇంకా హెలికాప్టర్ల గరిష్ఠ వేగంగా లెక్కించవచ్చునా?

విమానపుర నివాసి:
బెంగళూరులో మా ఇంటి మీదుగా ధ్రువ్ హెలికాప్టర్లు తరచుగా ఎగురుతుంటాయి. వాటిని చూస్తూ తెలుగు మిత్రులం కొందరం మొదలుపెట్టిన వాదం తెగకపోవడంతో ఇక్కడ ఉంచుతున్నాను. 1986 ఆగస్టు 11న ఇంగ్లండులోని సోమర్‌సెట్ మైదానాల మీద ట్రెవర్ ఎగింటన్ నడిపిన వెస్ట్‌లాండ్ లింక్స్ గంటకు 400.87 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. 2013 జూన్‌లో యూరోకాప్టర్ ఎక్స్3 సుమారు 472 కిలోమీటర్ల వేగంతో ఎగిరిన మాట నిజమే గాని, రెండు పక్కలా పొట్టి రెక్కలు, వాటి కొనల్లో ప్రొపెల్లర్లు ఉన్న ఆ యంత్రాన్ని లింక్స్‌తో ఒకే వరుసలో నిలపడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కోరమంగల పాఠకురాలు:
హెలికాప్టర్ వేగానికి అడ్డంకి ఎక్కడ ఉందో ముందు చూడాలండీ. రోటర్, అంటే పైన తిరిగే బ్లేడుల చక్రం, దానిలోని బ్లేడు కొన సెకనుకు 210 మీటర్ల వేగంతో తిరుగుతూ, హెలికాప్టర్ 110 మీటర్ల వేగంతో ముందుకు పోతోందనుకుంటే, ముందుకు వచ్చే బ్లేడు కొనకు గాలి 320 మీటర్ల వేగంతో, అంటే ధ్వని వేగానికి దగ్గరగా తగులుతుంది. వెనక్కి మళ్లే బ్లేడుకు 100 మీటర్లే మిగిలి, అది తన వంతు బరువును మోయలేని స్థితికి వస్తుంది. రోటర్‌నే నమ్ముకున్నంతకాలం ఈ చిక్కు తీరదు కనుకనే ఎక్స్3 రూపకర్తలు రోటర్ తిరిగే వేగాన్ని కొంత తగ్గించి, తోసే పనిని ప్రొపెల్లర్లకు అప్పగించారు. మీరు మెచ్చుకునే లింక్స్‌లో కూడా, కొనలు వెడల్పుగా మలచిన కొత్త బ్లేడులతో పాటు, ఇంజిన్ పొగగొట్టాలను మార్చి వెనక్కి వెళ్లే వాయువు నుంచి అదనపు తోపు రాబట్టారు. మరి ఆ సాయం చెల్లినప్పుడు ప్రొపెల్లర్ సాయం ఎందుకు చెల్లదు?

ఇందిరానగర్ సభ్యుడు:
రోటర్‌నే ముందుకు వంచి విమానంగా మారిపోయే వి-280 వంటి వాటిని పక్కన పెట్టవలసిందే. ఎక్స్3 రోటర్ మాత్రం చివరిదాకా పైనే తిరుగుతుంది గనుక అది హెలికాప్టరే.

విమానపుర నివాసి:
పొగగొట్టాల విషయాన్ని నేను తేలికగా తీసుకున్నానని ఒప్పుకుంటున్నాను. అయినా లింక్స్ బరువు మొత్తాన్నీ రోటరే మోసింది; ఎక్స్3లో వేగం పెరిగేకొద్దీ అందులో గణనీయమైన భాగం పొట్టి రెక్కలకు చేరుతుంది. నా గీత అక్కడ. రోటర్‌తో పాటు రెక్కలు, ప్రొపెల్లర్లు కూడా ఉన్న ఇలాంటి సంయుక్త హెలికాప్టర్లకు వేరే పట్టిక పెట్టి అందులో ఎక్స్3 పేరును మొదట రాయడానికి నాకు అభ్యంతరం లేదు, లింక్స్ పేరును కొట్టివేయడానికి మాత్రం ఒప్పుకోను.