అప్‌డేట్: బడి గ్రాంట్ గురించి అడిగాను కదా, ఇదీ సంగతి

బడి ఖర్చులకు సర్కారు ఇచ్చే గ్రాంట్ రాక దేవరకొండ దగ్గర మా బడికి చాక్‌పీసులు, ఫినాయిల్ కూడా టీచర్లమే కొంటున్నామని, ఏం చేయాలని మొన్న అడిగాను. లెక్కలతో అడగమన్నవాళ్లందరికీ థ్యాంక్స్.

సర్కారు బడులకు డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలుంటే ఏడాదికి 25,000 రూపాయలు. అదే రాసి, తల్లిదండ్రుల సంతకాలతో మండల విద్యాధికారికి ఇచ్చాం. సగం పడింది. ముందు బాత్రూం తలుపుకు గడియ పెట్టించాం. ఆడపిల్లలు ఒకరికొకరు కాపలా ఉండే బాధ తప్పింది.

కాంట్రాక్ట్ టీచర్ల జీతాల విషయం మాత్రం కదల్లేదు. సమాన పనికి సమాన వేతనమని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. అయినా 2024 డిసెంబర్‌లో సమగ్ర శిక్ష ఉద్యోగులు పే స్కేల్ కోసం సమ్మెకు దిగాల్సి వచ్చింది. రెగ్యులర్ టీచర్ చెప్పే పాఠమే చెప్పే కేజీబీవీ (ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడి) కాంట్రాక్ట్ మేడమ్‌కు తక్కువ జీతమేంటి? ఇది పచ్చి అన్యాయం. సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి రెగ్యులర్, కాంట్రాక్ట్ టీచర్లం కలిసే వెళ్తున్నాం. దగ్గర్లో ఉన్నవాళ్లు రండి.